లాక్టోమీటరు ఒక్కటి చాలు

పాలలో కల్తీ పట్టుకోవడానికి ల్యాబులెందుకండీ? ఓ లాక్టోమీటరు కొనండి, పొడుగాటి గ్లాసొకటి చూసుకోండి. ఇరవై ఏళ్లుగా మా వీధి పాలబ్బాయిని గడగడలాడించిన అనుభవంతో చెప్తున్నాను.

పాలు అప్పుడే పితికినవి, ఇంకా వెచ్చగా ఉన్నవే తీసుకోండి. ఇన్ని డిగ్రీల దగ్గర చూడాలని గొట్టం మీద రాసి ఉంటుంది. అదంతా తయారుచేసినవాళ్ల చాదస్తం. వెచ్చటి పాలలో గొట్టం ఎక్కువ మునుగుతుంది, అంకె తగ్గుతుంది. అంటే నీళ్లు కలిపాడన్నమాట. గట్టిగా కేకలెయ్యండి. మర్నాడు అవే పాలు చల్లారాక తెస్తే 30 చూపిస్తుంది. మీ కేకలు పనిచేశాయని సంతోషించండి.

28కీ 32కీ మధ్య వచ్చిందా, ఇక దేని జోలికీ పోవద్దు. నీళ్లు పోస్తే అంకె దిగుతుంది, వెన్న తీస్తే ఎక్కుతుంది. ముందు వెన్న తీసేసి, తర్వాత చూసి చూసి నీళ్లు పోస్తే మళ్లీ మొదటి అంకెకే వస్తుందట. చక్కెర వేసినా, యూరియా వేసినా అంకె పైకి పోతుందట. ఇవన్నీ మా కోడలి మాటలు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది లెండి. ఇంత లెక్క వచ్చినవాడు తెల్లారుజామున క్యాను మోసుకుంటూ ఎందుకు తిరుగుతాడమ్మా, ఏ బ్యాంకులోనో కూర్చునేవాడు కదా అన్నాను. మాట్లాడలేదు.

వెన్న శాతానికి డెయిరీల్లో గెర్బర్ పరీక్ష అని ఒకటి చేస్తారు. మెడ సన్నగా ఉండే గాజు బుడ్డిలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ యాసిడ్, దాని మీద 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి, యంత్రంలో గిరగిరా తిప్పుతారు. యాసిడ్ పాలలోని మాంసకృత్తుల్ని కరిగించేస్తే వెన్న విడిపోయి మెడలోని గీతల దగ్గరికి చేరుతుంది. గీతలు లెక్కపెడితే శాతం. ఇంత తతంగం దేనికి? కాచి, మీగడ మందం చూడండి. మంటను బట్టి, గిన్నె వెడల్పును బట్టి మీగడ మారుతుందంటారు. ఒకటే గిన్నె వాడితే సరి.

గంజిపొడి అనుమానముంటే చల్లార్చిన పాలలో అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారుతుంది. మా అయోడిన్ సీసా ఏనాడో ఎండిపోయింది, కాబట్టి మా పాలలో గంజి లేదు.

పాలు ఎండాకాలంలో బయట పెట్టినా రెండ్రోజులు విరగలేదంటే ఆ గేదె కాళ్లకు మొక్కండి. ఫార్మలిన్ పోసి ఉంటారని కొందరు భయపెడతారు. తనిఖీ అధికారులు ల్యాబుకు పంపే పాల నమూనా చెడకుండా అందులో వేసేది ఆ మందే. నమూనాకు మంచిదైంది మన కడుపుకు చెడ్డదెలా అవుతుంది? శవాల్ని కూడా ఎంత భద్రంగా ఉంచుతుందో చూడండి.

ఇక నెయ్యి. అరచేతిలో రుద్ది వాసన చూడండి, పూస కట్టిందేమో చూడండి, అంతే. ముక్కును మించిన యంత్రం లేదు. నేతి వాసన సీసాల్లో అమ్ముతారన్న సంగతి ముక్కుకు చెప్పకండి. మన దేశంలో డాల్డా లాంటి వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలని నిబంధన. ఎందుకంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఫర్ఫ్యూరాల్ కలిపినప్పుడు నువ్వుల నూనె ఎర్రబడుతుంది, నేతిలో వనస్పతి దాగలేదు. దొంగకు ముందే గంట కట్టారన్నమాట. దొంగ మాత్రం గంట లేని పామాయిల్‌కు మారాడని, అప్పుడు నేతిలో ఉండాల్సిన బ్యూటిరిక్ ఆమ్లం లెక్క చూడాలని, అందుకు రైషర్ట్-మైసల్ పరీక్ష ఉందని కోడలు మొదలుపెట్టింది. నాకు నిద్రొచ్చింది.

నిన్న సాయంత్రం ఆవిడ పావులీటరు మంచినీళ్లలో ఇరవై గ్రాముల చక్కెర కలిపి, నా లాక్టోమీటరు అందులో వదిలింది. 29 చూపించింది. ఇరవై ఏళ్లుగా పాడైన లాక్టోమీటరుతో నెట్టుకొచ్చానని అప్పుడు తెలిసింది. రేపే ఇంకొంచెం ఖరీదైనది కొంటున్నాను. మీరూ అదే కొనండి.