అంతరగంగ కొండ ఎక్కేవారికి ఉచిత సలహాలు

దారి ఎట్లా ఉందో ముందే విచారించుకోవడం పిరికివాళ్ల పని. బెంగళూరు నుంచి ఈ కొండ ఉన్న కోలారు సుమారు 70 కిలోమీటర్లే, జాతీయ రహదారి నున్నగా ఉంది, కాబట్టి కొండ కూడా నున్నగానే ఉంటుందని నమ్మండి. ఆలస్యంగా లేచి, దారిలో ఇడ్లీ, వడ, రెండో కాఫీ కానిచ్చి, మిట్టమధ్యాహ్నానికి కొండ కింద బండి దిగండి. అంతరగంగ ఉన్న శతశృంగ పర్వతం బండలు అప్పటికి బాగా కాగి ఉంటాయి. చేతులానించి ఎక్కేవారికి ఆ కాపడం ఉచితం.

కాశీ విశ్వేశ్వరుడి గుడి దాకా మెట్లున్నాయి. పైన కూడా మెట్లే ఉంటాయని తేల్చేసుకోండి. ఉండవు. గుడి దాటితే ఇల్లంతేసి గుండ్లు ఒకదాని మీదొకటి పడి ఉంటాయి, వాటి సందుల్లో గుహలు. కొన్నిచోట్ల పక్కకి తిరిగి పాకాల్సిందే. అందుకే వీపున పెద్ద సంచీ, కాళ్లకు హవాయి చెప్పులు తప్పనిసరి. వాన పడిన మర్నాడైతే మరీ శ్రేష్ఠం.

నీళ్లు మొయ్యకండి. రాతి బసవన్న నోట్లోంచి ఏడాది పొడుగునా ధార పడుతూనే ఉంటుంది కదా! అది పడేది గుడి దగ్గర, మీకు దాహమేసేది కొండ మీది తేరహళ్లి ఊరి దారిలో. ఇంత చిన్న తేడాకి సీసాలు దేనికి? బిస్కెట్ల కవరు మాత్రం చేతికి తగిలించుకోండి, మెట్ల మీది కోతులు ఆ బరువు దించేస్తాయి.

పైన మేకలు వేసిన దారులు బోలెడు. బాగా నలిగినదే మనుషుల దారి అనుకుని నడవండి. మేకలు కాసే పెద్దాయన ఎవరైనా "యాడికి సామీ పోతా ఉండేది? ఆ దావ పోదు, ఇట్ల రాండి" అంటే నవ్వి ముందుకు సాగండి. పాపం, ఆయన దగ్గర మ్యాప్ లేదు. మీ ఫోనులో ఉంది, సిగ్నల్ లేకపోతేనేం. తేరహళ్లికి బండ్లు పోయే రోడ్డు వేరే ఉందన్నా వినకండి. మోకాళ్లు వణికేటప్పుడు, చీకటి పడ్డాక, గుండ్ల మీంచి దిగడంలోనే ఉంది మజా. అటవీశాఖ అనుమతి సంగతి దిగాక కనుక్కోవచ్చు.

మర్నాడు ఓపికుంటే కేజీఎఫ్‌కి, అంటే కోలారు బంగారు గనులకి పోయి సైనైడ్ దిబ్బలెక్కండి. 2018లో ఆ పేరుతో వచ్చిన సినిమా చూశారుగా, అవీ కొండలే అనుకోండి. నిజానికవి నూరేళ్లకు పైగా, 3 కిలోమీటర్లకు మించిన లోతు దాకా దిగి తెచ్చిన రాతిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం లాగేసుకున్నాక పారబోసిన పొడి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. బంగారం ఎప్పుడో పోయింది, పొడి ఇక్కడే ఉంది. వానలు కోసిన గండి అంచున నిలబడి ఫోటో దిగండి, అది కూలేదాకా గట్టిగానే ఉంటుంది. గాలి లేస్తే నోరు తెరిచి కేకలు పెట్టండి. గని కార్మికుల ఇళ్ల లైన్లలో పిల్లా జెల్లా ఏళ్ల తరబడి ఆ దుమ్మే పీలుస్తున్నారు, మీరు ఒక్క పూట పీల్చలేరా?