అడవిలో పోతపని: తొలిసారి వచ్చేవారికి సూచనలు

పెరట్లో కొలిమి పెట్టుకుని, ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాలు కరిగించి అచ్చుల్లో పోసి మురిసిపోయే జాతి ఒకటి అమెరికాలో ఉంది. టెక్సస్‌లో ఆ జాతిలో తెలుగువాళ్లమూ కొందరం కలిశాం. ఇంట్లో చేస్తే పొరుగువాళ్లు ఫైరింజను పిలుస్తారు కనుక ఏడాదికోసారి అందరం క్యాంపింగుకి పోతాం. మీరూ రావాలనుకుంటే కొన్ని మెళకువలు తెలియాలి.

ముందు స్థలం. స్టేట్ పార్కు వాళ్లకు నిజాయతీగా ఒక మెయిల్ రాయండి: వచ్చేది ఎంతమంది, ప్రొపేన్ సిలిండర్లు ఎన్ని, 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన లోహం పిల్లల ఉయ్యాలకు ఎంత దూరంలో ఉంటుంది, అన్నీ. జవాబు త్వరగానే వస్తుంది. పొట్టిగానూ ఉంటుంది. ఇక గుంపులో సొంత బీడు భూమి ఉన్న సభ్యుణ్ని పట్టుకోవడమే మార్గం. ఆయన జోకులకు నెల ముందు నుంచే నవ్వడం ప్రాక్టీసు చేయండి. ఎండలు ముదిరితే కౌంటీవాళ్లు ఆరుబయట మంటలు నిషేధిస్తారు. మీకు సెలవు దొరికిన వారమే ఆ నిషేధం మొదలవుతుందని రాసిపెట్టుకోండి.

టెంటు మేకులు కొనకండి. ఆరు డాలర్లు పారేస్తే దొరికే మేకులు కొనడం మన వృత్తికే అవమానం. అక్కడికెళ్లి కొలిమి కట్టి, ఇసుక తడిపి, నమూనా అదిమి, మేకులు పోత పోసుకోవాలి. డబ్బా అల్యూమినియంతో పోసిన మేకు టెక్సస్ నేలలో సగం దిగి వంగిపోతుంది. వంగినదాన్ని మళ్లీ కరిగించండి. ఈ లెక్కన టెంటు రాత్రి పదకొండుకి లేస్తుంది, తెల్లారేసరికి పడుతుంది.

డబ్బాల గురించి ఒక మాట. ఒంటికి ఒక మిశ్రమం, మూతకి మరొకటి. రెండూ రేకుగా సాగడానికి చేసినవే తప్ప అచ్చులో పారడానికి కాదు. కిలో తూగాలంటే 70 పైచిలుకు డబ్బాలు కావాలి. రేకు పలచన కనుక అందులోనూ బోలెడంత చిట్టెమై పైన తేలుతుంది. అదే పాత కారు చక్రమో, పిస్టనో అయితే సిలికాన్ కలిసిన పోత మిశ్రమం, అచ్చు మూలమూలకూ చక్కగా పారుతుంది. గుంపులో అందరికీ ఇది తెలుసు. అందరూ డబ్బాలే తెస్తారు. వాటిని ఖాళీ చేసే కార్యక్రమం ముందురోజు రాత్రి ఉంటుంది మరి.

ఇసుక సంగతి మాత్రం శ్రద్ధగా వినండి. తేమ సరిపోయిందో లేదో గుప్పిట బిగించి చూడాలి. గుప్పిట విప్పితే ముద్ద మీద వేళ్ల గుర్తులు నిలవాలి. విరిస్తే రెండు ముక్కలుగా శుభ్రంగా విరగాలి. అరచేతికి తడి అంటకూడదు. అదే ముద్దను ఐదుగురు పిసుకుతారు, ఐదుగురూ ఐదు రకాలుగా చెబుతారు. అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడి మాట నమ్మండి, పోసేటప్పుడు అతని వెనకాల నిలబడండి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. కరిగిన లోహం అడుగున ఒక్క చుక్క చిక్కినా పైనున్నదంతా మీ ముఖం మీదికి లేస్తుంది. ఏటి ఒడ్డున నున్నటి రాళ్లు ఏరుకొచ్చి కొలిమి చుట్టూ ముచ్చటగా పేర్చడం కూడా మంచి ఆలోచనే. లోపలి తేమ వేడెక్కి అవి ఢామ్మని పగిలినప్పుడు, నిద్రపోతున్న సభ్యులందరూ ఒకేసారి లేస్తారు.

బట్టలా? క్యాంపింగు కొట్లో అమ్మే నైలాన్ చొక్కాయే వేసుకోండి. తేలిక, త్వరగా ఆరుతుంది, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మందపాటి నూలు బట్టలు, తోలు బూట్లు, ముఖానికి అద్దపు తొడుగు వేసుకునేవాళ్లు పిరికివాళ్లు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నదీ వాళ్లే.

ఎవరో ఒకరు పాత ఇత్తడి కుళాయిలు తెస్తారు. ఇత్తడిలో జింకు ఉంటుంది. అది 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. పాలు తాగితే పోతుందని గుంపు పెద్ద వైద్యం చెబుతాడు. పోతుందనడానికి రుజువేమీ లేదు గానీ, పొద్దున కాఫీకి పాలుండవు.

కొలిమికి గాలి కొట్టే బ్లోయరు తిరగాలంటే జనరేటరు, జనరేటరు మోత వినపడకుండా పాటలు. పక్షుల కిలకిలలు కావాలంటే ఇంటికెళ్లాక యూట్యూబులో వినొచ్చు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజ కళాకారులు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారనీ, ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిందనీ ఓసారి మంట దగ్గర చెప్పాను. అందరూ కదిలిపోయారు. తేరుకున్నాక, "వాళ్లు వాడే బ్లోయరు ఏ కంపెనీది?" అన్నారు.

ఫ్లోరిడాలో వాల్టర్ చింకెల్ అనే శాస్త్రవేత్త చీమల పుట్టల్లో కరిగిన లోహం పోసి, తవ్వి తీసి, గూళ్ల నిర్మాణం పరిశీలించారు. మీరూ ప్రయత్నించబోతారు. మీరు శాస్త్రం కోసం వచ్చారో సరదాకి వచ్చారో ఎర్రచీమలు అడగవు.

మిగిలిన లోహాన్ని మఫిన్ రేకుల్లో పోసి దిమ్మెలు చేసుకోవడం ఆనవాయితీ. మా మిత్రుడొకడు ఇంట్లోని పాత అల్యూమినియం ఇడ్లీ రేకులు తెచ్చి మూసలో వేశాడు. సాయంత్రం ఫోను.

"ఏమండీ, అమ్మ ఇచ్చిన ఇడ్లీ రేకులు ఎక్కడ పెట్టారు?"

"రేకులు లేవే. ఇడ్లీలున్నాయి."

ఆ దిమ్మెలు వచ్చే ఏడు మళ్లీ మోసుకెళ్లి మళ్లీ కరిగించాలి. ఈ సరదా వల్ల తయారయ్యే వస్తువు ఏమిటని మీ ఇంట్లో అడిగితే అవే చూపించండి.

ఈసారి అక్టోబరులో వెళ్తున్నాం. మీ దగ్గర పాత కారు చక్రం ఉంటే తీసుకురండి, టెంటు మేకులు కూడా. ప్రొపేన్ ఖర్చు ఎవరి వాటా వాళ్లదే.