పది గ్రాముల అబద్ధం

ఈ సంగతి మా ఇంట్లో వాళ్లకి సగమే తెలుసు. మిగతా సగం మీకు చెబుతున్నాను, మీరు క్షమిస్తారన్న ధైర్యంతో. గొప్ప కోసం ఒక్క అబద్ధం కూడా ఆడనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే వాళ్లకి ముందే దణ్ణం పెడుతున్నాను. మిగిలినవాళ్లం ఒకే తాను గుడ్డలం కాబట్టి దాపరికం అక్కర్లేదు.

నాకు రిమోట్ విమానాల పిచ్చి. అట్టపెట్టెలో తయారుగా వచ్చేవి నాకు ఆనవు. ప్లాను కాగితం బల్ల మీద పరుచుకుని, బాల్సా పలకల్లోంచి రెక్కకి ఆకారమిచ్చే ఒక్కొక్క రిబ్బూ కోసి, అతికించి, ఆరబెట్టి, మళ్లీ గీకి కట్టుకోవాలి. ఆ బాల్సా ఎక్కడో ఈక్వడార్‌లో పెరిగి సముద్రాలు దాటి రావాలి. కొనేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. అయినా కొంటాం. చెక్క ముక్కల పోగు గాల్లోకి లేచి మన చెయ్యి కదిపినట్టల్లా తిరుగుతుంటే కలిగే ఆనందం నాకింకెక్కడా దొరకలేదు.

ఆ ఏడు కట్టింది గిరికీలు కొట్టే రకం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 160 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు రెండున్నర కిలోలు. దాని మీద నాకున్న మోజు అంతా ఇంతా కాదు. వేడితో అతికే ఎర్ర ఫిల్ము మీద తెల్ల ఫిల్ముతో సూర్యకిరణాలు పరిచాను, కిరణం కొసలు సూదిమొనలా రావాలని రాత్రుళ్లు ఇస్త్రీపెట్టెతో కుస్తీ పట్టాను. రెక్క మీద నా పేరు తెలుగులో రాయించాను, ఆకాశంలో దేవతలకి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో. తిరనాళ్లలో కొన్న మీసాల బొమ్మని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టాను. ఆ బొమ్మ ఒక్కటే ముప్పై గ్రాములు తూగింది.

మరి ప్లానులో షీర్ వెబ్బులని ఉన్నాయి. రెక్కలో స్పార్ అంటే పైన ఒక పుల్ల, కింద ఒక పుల్ల. నాది 6 మిల్లీమీటర్ల చదరపు స్ప్రూస్ చెక్క. ఆ రెండు పుల్లల మధ్య ప్రతి రిబ్బుకీ రిబ్బుకీ నడుమ పల్చటి బాల్సా పలక, చెక్క పోగు నిలువుగా వచ్చేలా, నిండుగా అతికించాలి. అవే వెబ్బులు. ఒకదానికొకటి కొలత కలవదు, ప్రతిదీ విడిగా కోసి సరిచేసి కూర్చాలి. విసుగు పని. పైగా ఫిల్ము వేశాక లోపల అవి ఉన్నదీ లేనిదీ కంటికి కనపడదు. నేను వేయలేదు. బరువు తగ్గుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ పలకలన్నీ కలిపి తూస్తే పది గ్రాములు. మీసాల బొమ్మకి చోటిచ్చినవాణ్ని బరువు గురించి మాట్లాడుకున్నాను చూడండి, మనసు మనల్ని ఎంత సులువుగా ఒప్పిస్తుందో!

ఇంకోటి కూడా ఉంది. రెండు రెక్కలూ కలిసే నడుమభాగం చుట్టూ గ్లాసు గుడ్డ పట్టీ చుట్టి ఎపాక్సీ పూయాలని ప్లాను చెప్పింది. చుడితే దాని అంచు ఫిల్ము కిందనుంచి గీతలా కనపడుతుంది. నా సూర్యకిరణాల మధ్య ఆ గీత నాకు నచ్చలేదు. మానేశాను.

ఎండాకాలం. ఊరి చెరువు ఎండి నేల గట్టిపడింది. ఆదివారం పొద్దున్నే మేం విమానాలు ఎగరేసేది అక్కడే. మాకందరికీ ఈ విద్య నేర్పిన పెద్దాయన ఉన్నారు, మాస్టారంటాం. ఆయన నా విమానం చేతిలోకి తీసుకుని రంగుల వంక చూడనే లేదు. రెక్క కొసలు రెండూ పట్టుకుని మెల్లిగా మెలిపెట్టి చూశారు. వేలితో తట్టారు.

“వెబ్బులు వేశావా బాబూ?”

చుట్టూ జనం. మేనల్లుడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. లేదండీ అంటే ఆ రోజుకి విమానం నేల మీదే. నా నోటినుంచి మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. “వేశానండీ,” అన్నాను.

తప్పు జరిగింది అక్కడే. ఆ తర్వాత జరిగిందంతా లెక్క ప్రకారం జరిగింది.

ఎగిరింది. ఎంత అందంగా ఎగిరిందో! ఎర్ర రెక్క ఎండలో మెరుస్తుంటే పిల్లలు కేకలు పెట్టారు. ఆ కేకలు నా తలకెక్కాయి. “మావయ్యా, డైవ్ కొట్టు,” అన్నాడు మేనల్లుడు. పైకి తీసుకెళ్లాను, ఇంకా పైకి తీసుకెళ్లాను, ముక్కు కిందికి దించాను, థ్రాటిల్ తగ్గించాలని తెలుసు, తగ్గించలేదు, మోటారు అరుస్తోంది, విమానం సూటిగా దిగుతోంది, పిల్లలు ఓహో అంటున్నారు, తల మీదుగా గుండె ఝల్లుమనేలా లేపుదామని రిమోట్ మీద ఎలివేటర్ పుల్ల మొత్తం వెనక్కి లాగేశాను, ఠప్పుమంది, రెండు రెక్కలూ పైకి లేచి ఒకదాన్నొకటి తాకాయి, అంతే, మిగిలిన మొండెం బాణంలా గట్టు వైపు దూసుకెళ్లింది. గట్టు మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్లకి కొన్ని అడుగుల దూరంలో నేలలో దిగబడింది.

పిల్లలకి ఏమీ కాలేదు. ఆ మాట ఇప్పటికీ లోపల్లోపల అనుకుంటూనే ఉంటాను.

మాస్టారు మెల్లిగా నడుచుకుంటూ వెళ్లి రెక్క ముక్క తీశారు. చిరిగిన ఫిల్ములోంచి లోపలంతా కనిపిస్తోంది. స్పార్ పుల్లల మధ్య ఖాళీ. ఆయన నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. తిట్టలేదు. విరగ్గా మిగిలిన రెండు పుల్లలు చేతిలోకి తీసుకుని, జతగా పట్టుకుని వంచారు. ఒకదాని మీద ఒకటి జారుతూ తేలిగ్గా వంగాయి. “వీటిని జారనివ్వకుండా పట్టుకునేదే వెబ్బు. అది లేకపోతే రెండు పుల్లలున్నా నీకున్నది స్పార్ కాదు బాబూ,” అన్నారు. ఇంటికొచ్చి గాలి ఎక్కువై పడిపోయిందని చెప్పాను. ఇంట్లో వాళ్లకి తెలిసిన సగం అది.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. ఎగరేసేముందు వేయాల్సిన లెక్క. గంటకి 108 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకి 30 మీటర్లు. 10 మీటర్ల వ్యాసార్ధంలో పైకి తిప్పితే రెక్క మీద పడే భారం మామూలు బరువుకి పది రెట్లు. నా రెండున్నర కిలోల విమానం ఆ క్షణాన పాతిక కిలోలు. అందులో సగం చొప్పున ఒక్కో రెక్క మోయాలి, వంపు అంతా మొదలు దగ్గర చేరుతుంది. పైపుల్లని నొక్కేసే బలం, కిందిపుల్లని సాగదీసే బలం, అక్కడ ఒక్కోటీ 150 కిలోల పైచిలుకు. పైపుల్లని రిబ్బుల మధ్య అడ్డుకునే ఆధారం లేకపోతే అది మొదట మెలికపడి వంగుతుంది, తర్వాత విరుగుతుంది. గ్లాసు పట్టీ ఉండాల్సిన చోటు కూడా సరిగ్గా ఆ మొదలే. వేగం సగానికి తగ్గించి అదే వంపు తిప్పి ఉంటే పది రెట్లు కాదు, మూడు రెట్లు కొంచెం పైన. థ్రాటిల్ తగ్గించని నా చెయ్యి చేసిన పని అది.

రెక్క విరగడమనేది బొమ్మల సంగతి మాత్రమే అనుకోకండి. 1952 సెప్టెంబర్ 6న ఇంగ్లండులో ఫార్న్‌బరో ప్రదర్శనలో జాన్ డెర్రీ నడుపుతున్న డి హావిలాండ్ 110 మలుపు తీసుకుంటూ పైకి లేస్తుండగా గాల్లోనే ముక్కలైంది. రెక్క ముందంచు పెట్టెలో చాలినంత బలం లేక అది దెబ్బతిన్నదని తేలింది. విమానంలో ఇద్దరూ, చూడ్డానికి వచ్చినవాళ్లలో 29 మందీ చనిపోయారు. నా చెరువు గట్టు గుర్తొచ్చినప్పుడల్లా ఆ ప్రదర్శన గుర్తొస్తుంది. మన చిన్న విమానాల్లో కూడా ముందంచుకి పైనా కిందా పలక మూసి, వెనక స్పార్ వెబ్బుతో కలిపి గొట్టంలా చేసేది మెలిక పడకుండానే. వెబ్బు లేకపోతే ఆ గొట్టం కూడా తెరుచుకుని ఉన్నట్టే.

పెద్ద విమానాలవాళ్లు ఏం చేస్తారో చూడండి. 1995 జనవరిలో బోయింగ్ 777 రెక్కలని నేల మీదే కట్టేసి, విరిగేదాకా పైకి లాగారు. విమానానికి ఎప్పుడైనా రావచ్చనుకున్న గరిష్ఠ భారానికి 154 శాతం దగ్గర విరిగాయి. 150 దాటితే చాలు. జనాన్ని ఎక్కించకముందే విరగ్గొట్టి చూసుకోవడంలో ఎంత నిజాయితీ ఉందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

మన బల్ల మీద విరగ్గొట్టక్కర్లేదు. రెక్కని తిరగేసి, నడుమ విమానానికి బిగించే చోట దిమ్మ పెట్టి, ఇసుక సంచులు సర్దండి, మధ్యలో ఎక్కువ, కొసలకి పోనుపోను తక్కువ. తిరగేయడం ముఖ్యం, గాల్లో రెక్క వంగేది పైకి కదా. నా విమానం ఇప్పుడు ఆరు రెట్లకి, అంటే 15 కిలోలకి నిలిచాకే గాల్లోకి వెళ్తుంది, అంతకు మించే వంపులు దానితో కొట్టించను. ఇసుక ఎక్కుతుంటే చిటుక్కుమన్న ప్రతి చప్పుడూ వినండి. గట్టిగా నేలకి తగిలిన ప్రతిసారీ కొసలు పట్టుకుని మెలిపెట్టండి, మాస్టారు చేసినట్టు. ఫిల్ము ఎక్కడ కొత్తగా ముడతలు పడిందో దాని కిందే పగులు దాగి ఉండొచ్చు. రెక్క వెనకంచున కదిలే ఎయిలరాన్ల దగ్గర కూడా చెయ్యి పెట్టి కదిపి చూడండి. లింకులో వదులుంటే వేగం పెరిగినప్పుడు ఎయిలరాన్ బుర్రుమని అదిరి రెక్కనే చీల్చేస్తుంది. ఆ చప్పుడు వినిపించిందా, వెంటనే థ్రాటిల్ దించండి. అన్నిటికన్నా ముందు, జనం ఉన్న వైపుకి డైవ్ కొట్టకండి.

విమానం పడిన తర్వాతి ఆదివారం మాస్టారి దగ్గరికి వెళ్లి, వేశానన్నది అబద్ధమని నోటితో చెప్పాను. “రెక్క చూసినప్పుడే తెలిసింది, నువ్వు చెప్తావో లేదో అనుకున్నాను,” అన్నారాయన. కొత్త రెక్కకి ఆయన పక్కనే కూర్చుని ప్రతి వెబ్బూ కోశాను. గ్లాసు పట్టీ గీత సూర్యకిరణాల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. కనపడనీ.

మీ ఊళ్లో ఎవరైనా కొత్తగా రెక్క కడుతుంటే, ఫిల్ము వేయకముందే ఒకసారి చూపించమని అడగండి. లోపల ఖాళీ కనపడితే మొహమాటపడకుండా చెప్పండి. ఇసుక సంచులు మోయడానికి మనిషి కావాలంటే నన్ను పిలవండి, తప్పకుండా వస్తాను.