పద్దెనిమిదో నంబరు కోర్టు

2010 వింబుల్డన్‌లోకి నికొలా మాహు నేరుగా అడుగుపెట్టలేదు. అప్పటికి ప్రపంచ టెన్నిస్‌లో అతని ర్యాంకు 148. ఆ ర్యాంకు ఉన్నవాళ్లు ముందు క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలవాలి. అవి జరిగేది వింబుల్డన్‌లో కూడా కాదు, లండన్‌లోనే మరోచోట, రోహాంప్టన్‌లోని పచ్చిక మైదానంలో. అక్కడ పెద్ద స్టాండ్లుండవు, హడావిడి ఉండదు. ఓడినవాడు సంచీ సర్దుకుని వెళ్లిపోతాడు, పేపర్లో పేరు కూడా రాదు. అలాంటి చోట రెండో రౌండులో బ్రిటన్ ఆటగాడు అలెక్స్ బొగ్డనోవిచ్ మీద మాహు చివరి సెట్‌ను 24-22తో గెలిచాడు. మామూలుగా 6-4తోనో 7-5తోనో తేలిపోయే సెట్ అది. ఇంత పొడవైన సెట్ ఈ జన్మలో మళ్లీ ఆడనని ఆ రోజు అతను అనుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టలేరు.

మాహు 1982లో ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణంలో పుట్టాడు. ఎర్రమట్టి కోర్టుల దేశం నుంచి వచ్చినా అతని ప్రాణమంతా పచ్చిక మీదే. సర్వీస్ చేస్తూనే నెట్ దగ్గరికి దూసుకురావడం, బంతి నేలను తాకకముందే వాలీ కొట్టడం, అందదనుకున్న బంతి కోసం ఒళ్లు చూసుకోకుండా దూకడం అతని పద్ధతి. 2000లో వింబుల్డన్ జూనియర్ చాంపియన్ అయ్యాడు. పెద్దల ఆటలోకి వచ్చాక మాత్రం అదృష్టం ముఖం చాటేసింది. 2007లో లండన్ క్వీన్స్ క్లబ్ టోర్నీలో ఫైనల్‌కు చేరి, ఆండీ రాడిక్ మీద మొదటి సెట్ గెలిచి, రెండో సెట్ టైబ్రేక్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వచ్చాడు. ఇంకొక్క పాయింట్ వస్తే కప్పు అతనిది. నోటికాడి ముద్ద జారిపోయింది. ఆ టైబ్రేక్ పోయింది, మూడో సెట్ టైబ్రేక్ కూడా పోయింది. అదే వేసవిలో అమెరికాలోని న్యూపోర్ట్‌లోనూ ఫైనల్ ఆడాడు. అక్కడ సాటి ఫ్రెంచ్ ఆటగాడు ఫాబ్రిస్ సాంటొరో చేతిలో ఓడాడు. 2010 నాటికి అతనికి 28 ఏళ్లు. సింగిల్స్‌లో పెద్ద స్థాయి టైటిల్ ఒక్కటీ లేదు.

రోహాంప్టన్ గట్టెక్కి వస్తే మొదటి రౌండులో ఎదురైనవాడు అమెరికా ఆటగాడు జాన్ ఇస్నర్, 23వ సీడ్. ఎత్తు రెండు మీటర్ల ఎనిమిది సెంటీమీటర్లు. అంత ఎత్తు నుంచి దిగే సర్వీస్‌ను తిరిగి కొట్టడం అటుంచి, రాకెట్ తగిలించడమే కష్టం. జూన్ 22, మంగళవారం సాయంత్రం 6:13కి పద్దెనిమిదో నంబరు కోర్టులో ఆట మొదలైంది. మన గడియారంలో అప్పటికి రాత్రి పదకొండు కావస్తోంది. ఎనిమిది వందల మంది కూడా పట్టని చిన్న కోర్టు అది. మొదటి సెట్ ఇస్నర్‌ది, తర్వాతి రెండూ మాహువి, నాలుగోది ఇస్నర్‌ది. రాత్రి తొమ్మిది దాటాక వెలుతురు చాలక ఆపేశారు. మిగిలిన ఒక్క సెట్ రేపు ఆడుకుంటే సరిపోతుందనుకుని అందరూ ఇళ్లకు వెళ్లారు.

ఆ రోజుల్లో వింబుల్డన్ అయిదో సెట్‌కు టైబ్రేక్ లేదు. 6-6 అయినా, 16-16 అయినా, ఒకరు రెండు గేమ్‌లు పైచేయి సాధించేదాకా ఆడుతూ పోవాల్సిందే. సర్వీస్ బలంగా ఉన్న ఇద్దరు పచ్చిక మీద తలపడితే ఎదుటివాడి సర్వీస్ గేమ్‌ను గెలవడం, అంటే బ్రేక్ చేయడం, గగనమైపోతుంది. నీ సర్వీస్ నువ్వు నిలుపుకుంటావు, నా సర్వీస్ నేను నిలుపుకుంటాను. ఒక గేమ్‌ను 40-0తో ఇట్టే ముగించినా, డ్యూస్ మీద డ్యూస్ అయి చెమటలు కక్కి ముగించినా స్కోరుబోర్డు మీద చేరేది ఒక్క అంకె.

బుధవారం మధ్యాహ్నం 2:05కి అయిదో సెట్ మొదలైంది. మొదటి సర్వీస్ ఇస్నర్‌ది. చూడటానికి చిన్న విషయమే కానీ, ఆ రోజు మాహు మోసిన బరువంతా అందులోనే ఉంది. ముందు సర్వీస్ చేసేవాడు తన గేమ్ గెలిచి ఒక అడుగు ముందుంటాడు. రెండోవాడు ప్రతిసారీ వెనకబడి, అందుకోవాలి. 5-4తో ఇస్నర్ ముందున్నప్పుడు మాహు తన సర్వీస్ పోగొట్టుకుంటే మ్యాచ్ అక్కడితో సరి. 6-5 అప్పుడూ అంతే, 20-19 అప్పుడూ అంతే. ఇస్నర్ ఒక సర్వీస్ గేమ్ కోల్పోతే మాహు ముందుకు వెళ్తాడు, అంతకుమించి ముంచుకొచ్చేదేమీ లేదు. మాహు ఒక్క గేమ్ కోల్పోతే ఇంటికే. ఆ గండాన్ని మాహు ఒకటి కాదు, రెండు కాదు, అరవై నాలుగు సార్లు దాటాడు. మధ్యలో ఇస్నర్‌కు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, ఒక్కొక్కటీ మాహు కాచుకున్నాడు. టెన్నిస్‌లో గుండెదిటవు గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తుకొచ్చేది గొప్ప గొప్ప ఫైనళ్లు కాదు, ఈ అరవై నాలుగు సర్వీస్ గేమ్‌లే.

సాయంత్రానికి ప్రపంచంలోనే అతి పొడవైన మ్యాచ్ రికార్డు బద్దలైంది. అప్పటిదాకా ఆ రికార్డు 6 గంటల 33 నిమిషాలు. 2004లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాఁ గారోస్‌లో ఇద్దరు ఫ్రెంచివాళ్ల మధ్య జరిగిన మ్యాచ్ అది. గెలిచినవాడు, న్యూపోర్ట్ ఫైనల్లో మాహును ఓడించిన అదే సాంటొరో. ఓడినవాడు ఆర్నో క్లెమాన్. ఈ రెండో పేరు మళ్లీ వస్తుంది.

47-47 దగ్గర కోర్టు పక్కన ఉన్న ఎలక్ట్రానిక్ స్కోరుబోర్డు నిలిచిపోయి, తర్వాత నల్లబడిపోయింది. దాన్ని తయారుచేసినవాళ్లు అంతకంటే పెద్ద అంకె అవసరపడుతుందని ఊహించలేదు. అంపైర్ మొహమ్మద్ లాహ్యాని మాత్రం కుర్చీ దిగలేదు, గొంతు తగ్గించలేదు. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా మూడు రోజులూ ఆయనే. వేరే కోర్టుల్లో మ్యాచ్‌లు ముగించుకున్న ఆటగాళ్లు కూడా లాకర్ గదుల్లో టీవీల ముందు చేరారు.

ఇస్నర్ కాళ్లు ఎప్పుడో మొరాయించాయి. బంతి కోసం పరుగెత్తడం దాదాపు మానేశాడు. తన సర్వీస్ వచ్చినప్పుడు ఎక్కడి నుంచో బలం తెచ్చుకుని ఏస్‌లు కురిపించేవాడు, మాహు సర్వీస్ వచ్చినప్పుడు ఊపిరి తీసుకునేవాడు. అతన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నిలబడటమే కష్టమైన స్థితిలో గంటల తరబడి గీత మీద సర్వీస్ పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. మాహు ఇంకా కదులుతున్నాడు, ఇంకా నెట్ దగ్గరికి ఉరుకుతున్నాడు, ఇంకా పచ్చిక మీద పడి లేస్తున్నాడు. చూసినవాళ్లలో చాలామంది ఆ సాయంత్రం గెలుపు ఫ్రెంచివాడిదేనని తీర్మానించుకున్నారు. 59-59 దగ్గర చీకటి పడింది. బంతి కనిపించడం లేదని మాహు చెప్పాడు. ఇంకా కావాలని జనం అరిచారు. అధికారులు ఆట ఆపేశారు.

గురువారం, జూన్ 24న ఎలిజబెత్ రాణి వింబుల్డన్‌కు వచ్చింది. 1977 తర్వాత ఆమె అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. అంతటి రోజున కూడా జనం ఆరా తీసింది పద్దెనిమిదో కోర్టు గురించే. మధ్యాహ్నం 3:40కి మొదలుపెట్టి గంటకు పైగా ఆడారు. 69-68తో ఇస్నర్ ముందున్నాడు, సర్వీస్ మాహుది. అరవై అయిదోసారి. ఈసారి ఇస్నర్‌కు మ్యాచ్ పాయింట్ దొరికింది, మొత్తం మీద అయిదోది. మాహు నెట్ దగ్గరికి వచ్చాడు. ఇస్నర్ బ్యాక్‌హ్యాండ్ షాట్ అతన్ని దాటి, పక్క గీత వెంబడి వెళ్లి లోపల పడింది. ఇస్నర్ వెల్లకిలా నేలకొరిగాడు.

6-4, 3-6, 6-7, 7-6, 70-68. మొత్తం 11 గంటల 5 నిమిషాలు. అందులో అయిదో సెట్ ఒక్కటే 8 గంటల 11 నిమిషాలు, అంటే పాత రికార్డు మ్యాచ్ మొత్తం కంటే ఎక్కువ. సెట్లు చూస్తే ఇస్నర్‌వి 3, మాహువి 2. గేమ్‌లు ఇస్నర్‌వి 92, మాహువి 91. ఏస్‌లు ఇస్నర్‌వి 113, మాహువి 103.

కోర్టు మీదే చిన్న వేడుక చేసి ఇద్దరికీ జ్ఞాపికలిచ్చారు. ఫొటోలు తీయించుకోవడానికి స్కోరు చూపే బోర్డు పక్కన నిలబెట్టారు. ఓడి కొన్ని నిమిషాలైనా కాని మనిషి ఆ 70-68 పక్కన నిలబడి ఫొటోలకు ముఖం చూపించాలి. మాహు నిలబడ్డాడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. గౌరవించాలనే పిలిచారు, నిజమే. కానీ అతన్ని కాసేపు ఒంటరిగా వదిలేసి ఉంటే అంతకంటే పెద్ద గౌరవం అయ్యేది.

వదలకపోగా, ఆ సాయంత్రమే అతనికి డబుల్స్ మ్యాచ్ ఉంది. ఇంకెవరైనా అయితే ఒంట్లో బాగాలేదని తప్పుకునేవారు. మాహు వెళ్లి ఆడాడు. పక్కన ఆడిన జోడీ ఎవరో కాదు, ఆర్నో క్లెమాన్. పాత రికార్డు మ్యాచ్‌లో ఓడినవాడు, కొత్త రికార్డు మ్యాచ్‌లో ఓడినవాడు, ఇద్దరూ నెట్‌కు ఒకే వైపు. ఆ మ్యాచ్ కూడా చీకటి పడి ఆగింది, తర్వాత ఓటమితో ముగిసింది.

ఇస్నర్‌కు గెలుపు మిగిల్చింది కూడా పెద్దగా లేదు. రెండో రౌండులో నెదర్లాండ్స్ ఆటగాడు టీమో డి బాకర్ చేతిలో 6-0, 6-3, 6-2తో 74 నిమిషాల్లో ఓడాడు. ముందురోజు దాకా 113 ఏస్‌లు కొట్టిన చెయ్యి ఆ రోజు ఒక్క ఏస్ కూడా కొట్టలేకపోయింది. మరుసటి ఏడు వింబుల్డన్ డ్రా తీస్తే, 128 మంది ఆటగాళ్లలో మొదటి రౌండుకు మళ్లీ ఈ ఇద్దరి పేర్లే ఎదురెదురుగా వచ్చాయి. ఈసారి మూడు వరుస సెట్లలో, రెండు గంటల్లో తేలిపోయింది. మళ్లీ ఇస్నరే గెలిచాడు. ఈ లోపల ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు.

మాహు కథ అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది జాలిపడి వదిలేయాల్సిన కథ అయ్యేది. కానీ 2013లో, 31 ఏళ్ల వయసులో, నెదర్లాండ్స్‌లోని సెర్టోగెన్‌బోష్ పచ్చిక మీద, మళ్లీ క్వాలిఫయింగ్ నుంచే మొదలుపెట్టి, ఫైనల్లో వావ్రింకాను ఓడించి తొలి సింగిల్స్ టైటిల్ అందుకున్నాడు. కొన్ని వారాలకే, ఆరేళ్ల కిందట ఓడిన అదే న్యూపోర్ట్‌లో లేటన్ హ్యూయిట్ మీద గెలిచాడు. ఆ తర్వాత పియెర్-హ్యూగ్ ఎర్బేర్‌తో జోడీ కట్టి డబుల్స్‌లో 2015లో అమెరికా ఓపెన్, 2016లో వింబుల్డన్, 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో ఆస్ట్రేలియా ఓపెన్ గెలిచాడు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ చేతికొచ్చాయి. 2021లో ఫ్రెంచ్ ఓపెన్ ఇంకోసారి గెలిచాడు. 2016లో ప్రపంచ డబుల్స్ నంబర్ వన్ అయ్యాడు. ఇంత చేసినవాడిని ఇప్పటికీ ఎక్కడికెళ్లినా ఆ పొడవాటి మ్యాచ్ ఓడినవాడిగానే పరిచయం చేయడం నాకు న్యాయంగా తోచదు.

అది మాసిపోయే మార్గం కూడా లేదు. 2018లో ఇస్నర్ వింబుల్డన్ సెమీఫైనల్లో కెవిన్ ఆండర్సన్ చేతిలో అయిదో సెట్ 26-24తో ఓడాక, ఇక చాలనుకుని మరుసటి ఏడు 12-12 దగ్గర టైబ్రేక్ పెట్టారు. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ చివరి సెట్ 6-6 అయితే పది పాయింట్ల టైబ్రేక్. ఆ నిబంధన ఉన్నంతకాలం 70-68ను ఎవరూ దాటలేరు.

పద్దెనిమిదో కోర్టు బయట గోడకు ఓ ఫలకం బిగించారు. అతి పొడవైన మ్యాచ్ ఇక్కడ జరిగిందని, మాహును ఇస్నర్ ఓడించాడని, ఏ సెట్ ఎంతతో తేలిందో, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు పట్టిందో దాని మీద ఉంటుంది. మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పాయింట్లు గెలిచారో ఉండదు. మూడు రోజుల్లో ఆడినవి మొత్తం 980 పాయింట్లు.

ఇస్నర్ గెలిచినవి 478. మాహు గెలిచినవి 502.