తొమ్మిది వందల అరవై రెండో పేజీ

నన్ను బల్ల మీద పెట్టి చెయ్యి వదిలేస్తే నేనెప్పుడూ ఒక్కచోటే తెరుచుకుంటాను. 962వ పేజీ. అది నా ఇష్టం కాదు, కుట్టు గుణం. కర్నూలు వకీళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే తెరిచి, అక్కడే అరచేత్తో అదిమి, జూనియర్ల చేత ఎత్తి రాయించుకున్నారు. దారం అక్కడ వదులైంది. మిగతా పేజీల్లో చాలావాటి మొహం ఎవరూ చూడలేదు.

నేను ఆల్ ఇండియా రిపోర్టర్, 1964 నాటి సుప్రీంకోర్టు సంపుటిని. కోర్టు మాటల్లో చెప్పాలంటే ‘ఏఐఆర్ అరవై నాలుగు ఎస్సీ’. వి.వి. చితలే మొదలుపెట్టిన సంస్థ మాది, ఊరు నాగపూర్. 1914 నుంచి వెలువడిన తీర్పులు మా వరుసలో దొరుకుతాయి. నెలనెలా విడి భాగాలుగా పోస్టులో కర్నూలు చేరాను. ఏడాది తిరిగాక పాతబస్తీలో బైండు వేయించి, అట్ట వెనక బంగారు రంగు అక్షరాలు కొట్టించి, ఒక ప్లీడరుగారి అలమరలో నిలబెట్టారు. ఆయన పేరు చెప్పను. క్లయింట్లు అయ్యా అనేవాళ్ళు, జూనియర్లు సార్ అనేవాళ్ళు. నేనూ సార్ అనే అంటాను.

ఆ అలమరలో నాకంటే పెద్దలు చాలామంది. కింది అరలో మద్రాస్ లా జర్నల్ సంపుటాలు. సార్‌కు పని నేర్పిన కడప వకీలుగారి ఆస్తి అవి, ఆయన పోయాక కర్నూలు వచ్చాయి. 1891లో మైలాపూరు వకీళ్ళు పెట్టిన పత్రిక అది. పి.ఆర్. సుందరయ్యర్, వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటి హేమాహేమీలు దాన్ని నడిపారు. దాని పక్కన ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు వరుస. అది సర్కారుది. 1875లో చట్టం చేసి, మరుసటేడు నుంచి హైకోర్టు తీర్పులను సర్కారే అచ్చు వేయించింది. ఆ చట్టంలో ఒక మెలిక ఉండేది: సర్కారు అచ్చు వేసిన రిపోర్టును తప్ప వేరేదాన్ని వినాల్సిన బాధ్యత కోర్టుకు లేదు. అయినా వకీళ్ళు ప్రైవేటు పత్రికలనే ఎక్కువ పట్టుకున్నారు. సర్కారు అచ్చు నెమ్మదిగా వచ్చేది. అందులో జడ్జి ఏమన్నాడో ఉండేది గానీ, అన్నది సరైనదా కాదా అన్న చర్చ ఉండేది కాదు. మద్రాస్ లా జర్నల్‌కు నోరుంది. హైకోర్టు తీర్పు తప్పనిపిస్తే తప్పని రాసేది, ధర్మశాస్త్రాలనూ ఇంగ్లండు తీర్పులనూ ఎదురెదురు పెట్టి వాదించేది. తెల్ల జడ్జీల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన వకీలు పత్రికలో మాత్రం వాళ్ళతో సమానంగా కూర్చునేవాడు.

లోకంలో ఆ కాలమే అలాంటిది. లండన్‌లో లా క్వార్టర్లీ రివ్యూ 1885లో మొదలైంది. హార్వర్డ్ లా రివ్యూ 1887లో. హార్వర్డ్ వాళ్ళది పూర్తిగా విద్యార్థుల సంపాదకత్వం. ప్రొఫెసర్ పంపిన వ్యాసాన్ని విద్యార్థి దిద్దుతాడు. ఈ సంగతి విని సార్ గుమస్తా నవ్వాపుకోలేకపోయాడు.

నా సంగతి కొంచెం వేరు. నేను ప్రధానంగా తీర్పుల పుస్తకాన్ని. పేజీకి రెండు వరుసలు, తీర్పు పైన హెడ్‌నోట్, అందులో ఏ, బీ, సీ అని విడదీసిన సూత్రాలు. వ్యాసాలకు చివర్న ‘జర్నల్ సెక్షన్’ ఒకటి ఉంటుంది గానీ అది పెళ్ళికి వచ్చిన దూరపు చుట్టం. అసలైన విద్యా పత్రిక మా అలమరలోకి తర్వాత వచ్చింది. ఢిల్లీలోని ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ 1958 నుంచి తెస్తున్న త్రైమాసికం. సగం పేజీ మాట, సగం పేజీ ఫుట్‌నోట్లు. జడ్జి రాసిన తీర్పు మీద ప్రొఫెసర్ రాసే తీర్పు. సార్ దాన్ని ఆదివారాలు చదివేవారు.

“దీన్తో కేసు గెలుస్తామా సార్?” అని ఒక జూనియర్ అడిగాడు.

“గెలవమప్పా. ఎందుకు ఓడినామో తెలుస్తుంది” అన్నారాయన.

ఇక 962కు వస్తాను. ఆ పేజీలో ఉన్నది సి.ఎస్. రౌజీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. అది కర్నూలు బస్సుల కేసు. అప్పట్లో జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరిగేవి. 1939 మోటారు వాహనాల చట్టం కింద స్కీములు తయారుచేసి ఆర్టీసీ ఆ రూట్లను తీసుకోబోయింది. తీసుకోవడం తప్పు కాదు, చట్టంలో ఉన్నదే. కానీ ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా అని ఒక వరుస అనుకున్నాక, ఆ వరుస తప్పించి కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకెందుకు లాగారన్నది బస్సు యజమానుల ప్రశ్న. జవాబు కూడా వాళ్ళే చెప్పారు: ముఖ్యమంత్రికి రాజకీయంగా ఎదురుతిరిగినవాళ్ళ బస్సులు ఆ రోడ్ల మీదే ఉన్నాయి గనక. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయన శాసనసభ స్థానం డోన్, ఆ జిల్లాలోనే.

హైకోర్టులో ఓడిపోయి వాళ్ళు ఢిల్లీ వెళ్ళారు. 1964 జనవరిలో సుప్రీంకోర్టు స్కీములు కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందన్నదే అసలు పాఠం. ఆరోపణ ముఖ్యమంత్రి మీద, ఆయన మనసులోని ఉద్దేశం మీద. దానికి ఆయన తరఫున సొంత అఫిడవిట్ లేదు. ఆర్టీసీ చెప్పుకున్నదేదో చెప్పుకుంది గానీ, ముఖ్యమంత్రి మనసులో ఏముందో ఆర్టీసీకేం తెలుసు? కాదని చెప్పాల్సినవాడు చెప్పకపోతే ఆ ఆరోపణ అలాగే నిలుస్తుందని కోర్టు అంది. నా 72వ పేజీలో ఇలాంటిదే పంజాబ్ కేసు ఉంది. ఒక ప్రభుత్వ డాక్టరు మీద ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్ కక్ష గట్టాడన్నది అక్కడి గొడవ. కక్షతో చేసిన పని చట్టం చొక్కా తొడుక్కుని వచ్చినా చెల్లదని అక్కడ తేల్చారు. ఆ రెండు కేసులూ నా ఒక్క బైండులో ఉండడం నా గొప్ప కాదు, ఆ ఏడాది గొప్ప.

ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. తర్వాత ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు, 1977లో రాష్ట్రపతయ్యారు. రాజీనామా విషయంలో నేను ఆయన పక్షమే. కోర్టు దిగిపొమ్మనలేదు, ఆయనే దిగారు. ఇప్పటివాళ్ళు నా 962వ పేజీ చదివినా కుర్చీలోంచి కదులుతారా అని నాకు అనుమానం.

ఆ తీర్పు నా పేజీల్లోంచి బయల్దేరి దేశం తిరిగింది. దురుద్దేశం ఆరోపణ ఎక్కడొచ్చినా, అఫిడవిట్ ఎవరు వేయాలన్న వాదన ఎక్కడొచ్చినా రౌజీ పేరు ఎత్తుతారు. ఎత్తేవాళ్ళలో ఎంతమందికి అది కర్నూలు బస్సుల పేచీ అని తెలుసు? పత్రిక చేసే పని ఇదే. ఊరి దుమ్మును దులిపి సూత్రాన్ని మాత్రం మిగులుస్తుంది. మంచిదే. కానీ ఆ దుమ్ములో కూడా కొంత చట్టం ఉంటుంది. దాన్ని రాసేవాడు కావాలి.

నేను కర్నూలు వచ్చేనాటికే ఈ ఊరు రాజధాని పోగొట్టుకుంది. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలుకు, మరుసటేడు హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. కోకా సుబ్బారావు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1956లో రెండూ హైదరాబాదు తరలిపోయాయి. హైకోర్టు ఎక్కడుంటే లా పత్రికలు అక్కడే పుడతాయి. కేసులు మావి, వ్యాఖ్యలు పరాయి ఊళ్ళవి. ఇది నా అరవై ఏళ్ళ ఫిర్యాదు.

కేసులకేం కొదవ? ఫ్యాక్షన్ కేసుల్లో సార్ వాదించేటప్పుడు నా పక్కనున్న 1947 ప్రీవీ కౌన్సిల్ సంపుటి నాకంటే ఎక్కువ తిరిగేది. అందులో గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసు ఉంది. పోలీసుల కస్టడీలో ఉన్నవాడు “కొడవలి గడ్డివాములో దాచినాను, చూపిస్తాను” అంటే, కొడవలి దొరికితే, ఆ ముక్క సాక్ష్యానికి పనికొస్తుంది. “దాంతోనే నరికినాను” అన్న ముక్క పనికిరాదు. పంచనామాలో ఆ రెండు ముక్కలూ కలిపి రాసేవాళ్ళు. సార్ ఎర్ర పెన్సిలుతో వేరుచేసేవారు. పెన్సిలు గీత ఒక్కటి అటూ ఇటూ అయితే ఒక మనిషి జైలుకో ఇంటికో పోతాడు.

2006లో మళ్ళీ కర్నూలు జిల్లా కేసు ఒకటి దేశమంతా పాఠమైంది. నందికొట్కూరు ఎమ్మెల్యే భర్తకు, హత్య కేసులో శిక్ష అనుభవిస్తుండగా, గవర్నరు శిక్ష తగ్గించారు. హతుడి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. సర్కారు నివేదికల్లో శిక్ష తగ్గినాయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా కనబడింది! క్షమాభిక్షకు పార్టీ లెక్క కాదని కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, మళ్ళీ ఆలోచించమంది. గవర్నరు క్షమాభిక్ష అధికారం చెప్పే రాజ్యాంగం 161వ అధికరణం మీద ఎవరు వ్యాసం రాసినా ఈ కేసు లేకుండా రాయలేరు.

రూలింగులకు ఆయుష్షుంటుంది. అది చూసి చెప్పడం కూడా పత్రిక పనే. ఒకప్పుడు నంద్యాల ఎంపీగా ఉంటూ ప్రధాని పదవి చేసిన పి.వి. నరసింహారావు పేరుతో 1998లో వచ్చిన తీర్పు, లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యులకు రక్షణ ఇచ్చింది. 2024 మార్చిలో ఏడుగురు జడ్జీలు దాన్ని పక్కన పెట్టారు. పాత సంపుటి మాత్రమే ఉన్నవాడు చచ్చిన రూలింగు పట్టుకుని కోర్టుకు పోతాడు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చాయి. సార్ అప్పటికి లేరు, ఆఫీసు ఆయన జూనియర్‌ది. కింది అరలోని మద్రాస్ లా జర్నళ్ళు ముద్దయిపోయాయి. కడప వకీలుగారు అంచుల్లో రాసుకున్న తెలుగు నోట్సు వాటితోనే పోయింది. నేను పై అరలో ఉండి సగం తడిశాను. మిద్దె మీద ఆరబెట్టారు. నాలో బురద మరక నడుము దాకా ఉంది. ఆ తర్వాత సీడీలు, ఆన్‌లైన్, ఫోన్లు. మరక లేని 962 ఇప్పుడు ఫోన్లో వస్తుంది. నన్నెవరూ తియ్యరు. దానికి నాకు బాధ లేదు, వెతకడం తేలికైతే పేదవాడి వకీలుకూ మేలే.

నా బాధ వేరు. హైదరాబాదులో నల్సార్ లా యూనివర్సిటీ 1998లో వచ్చింది. విశాఖ లా యూనివర్సిటీకి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. పెద్దపాడులో పుట్టి, మద్రాసులో లా చదివిన కర్నూలు మనిషి పేరు అక్కడుంది. ఇక్కడ న్యాయ రాజధాని అని 2020లో చట్టం చేశారు, 2021లో ఉపసంహరించారు. 2024లో హైకోర్టు బెంచి కావాలని శాసనసభ తీర్మానించింది. బెంచి వచ్చేది వస్తుంది. దాని కోసం ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది.

కర్నూలు, కడప లా కాలేజీల పిల్లలారా, పంతుళ్ళారా, ఒక పత్రిక పెట్టండి. కేసీ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 39.9 టీఎంసీల హక్కు చివరి ఆయకట్టుదారుడి దాకా ఎందుకు రాదో రాయండి. ఎర్రచందనం కేసుల్లో కూలి చిక్కి యజమాని ఎందుకు చిక్కడో, బేతంచెర్ల బండల గనుల్లో కాలు పోయినవాడికి పరిహారం ఎన్నేళ్ళకు వస్తుందో, ఫ్యాక్షన్ కేసుల్లో సాక్షి ఎందుకు అడ్డం తిరుగుతాడో ఫైళ్ళు చూసి రాయండి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పు తెలుగులో కూడా ఇచ్చింది, సుప్రీంకోర్టు తన తీర్పులను తెలుగులో పెడుతోంది. వ్యాఖ్య కూడా తెలుగులో రావాలి. ఏడాదికి రెండు సంచికలు చాలు, కాగితం లేకపోయినా పర్వాలేదు. మొదటి సంచికలో రౌజీ కేసు మీద ఒక వ్యాసం వేయండి. ఆ బస్సులు ఏ రోడ్ల మీద తిరిగాయో తెలిసినవాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళను అడిగి రాయండి.