బొగ్గు గీత, కలం గీత

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుంటున్న రెండో ఏడు నేను చేసిన తెలివితక్కువ పని ఇది. చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడదు.

అశోకవనంలో సీతమ్మ బొమ్మ వెయ్యాలనుకున్నాను. కాల్చిన చింతపుల్లతో గుడ్డ మీద గీసుకుని, ఆపైన కలంతో నల్లగీత వెయ్యాలి. బొగ్గు దులిపితే పోతుంది. నల్లగీతకు వాడే కసిమి పోదు. ఇనుప తుప్పు, బెల్లం కలిపి నీళ్లలో ఊరబెట్టిన రసం అది. గుడ్డకు ముందే పట్టించిన కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది, ఉతికినా వదలదు.

తప్పితే దిద్దుకోలేనన్న భయంతో చీర కుచ్చిళ్లు, చెట్టు ఆకులు ఒక్కటీ వదలకుండా పదకొండు రోజులు బొగ్గుతో గీశాను. తీరా కలం పట్టాక, గీత తప్పుతానేమోనని జానెడుకొకసారి ఆగాను. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. చెయ్యి ఆగితే అక్కడే బొట్టు పడుతుంది. సీతమ్మ కొంగు నిండా బొట్లే.

గురువుగారు చూసి, "తుడిస్తే పోయే బొగ్గును అంతగా నమ్ముకుంటే ఎట్లమ్మా?" అన్నారు.

ఆ మాటను తప్పుగా అర్థం చేసుకోవడం నా రెండో తెలివితక్కువతనం. ఈసారి బొగ్గే ముట్టలేదు. చెయ్యి ఎటు పోతే అటు గీశాను. గీతలు బాగానే పారాయి. కానీ సీతమ్మ తల గుడ్డ అంచుకు తగిలింది, కొమ్మ మీద హనుమంతుడికి చోటే మిగల్లేదు. కరక్కాయ పొడి, పాలు పట్టించి ఎండబెట్టిన రెండు గజాల గుడ్డ వృథా అయింది.

ఆ తర్వాత గురువుగారి పక్కన కూర్చుని, ఆయన చేతిని చూడడం మొదలుపెట్టాను. తల ఇక్కడ, మోకాలు ఇక్కడ, చెట్టు మొదలు ఇక్కడ అంటూ పలుచగా ఏడెనిమిది బొగ్గు గీతలు. అంతే. తర్వాత భుజం నుంచి మడమ దాకా కొంగు ఒక్క ఊపిరిలో దిగింది. మధ్యలో బొగ్గు గీత ఒక పక్కన ఉండిపోయింది, ఆయన దానికోసం వెనక్కి రాలేదు. తోచినట్టు వేస్తున్నారనుకున్నాను. ఆ తోచడం వెనక అంతకు ముందు వేసిన వేల కొంగులున్నాయని అప్పుడు అర్థమైంది. నా చేతికి ఆ సాధన లేదు. లేనిదాన్ని ముందు బొగ్గుతో, తర్వాత తెగింపుతో పూడ్చాలనుకున్నాను.

కొత్తగా కలం పట్టేవాళ్లకు నా మాట ఒకటే. బొమ్మల చోట్లు బొగ్గుతో చూసుకోండి, కొంగును చేతికి వదిలేయండి. దానికి ముందు పాతగుడ్డ మీద వంద కొంగులు వెయ్యండి.