కుంచం వాళ్లదే, కొలతా వాళ్లదే

బడి అయ్యాక చందాలతో నడిచే సాయంత్రపు బడుల వార్షిక నివేదికల్లో వెనకబడ్డ పిల్లవాడు కనిపించడు. నున్నటి ఆర్ట్ పేపరు మీద జూన్ నాటి నీలం కడ్డీ పొట్టిగా ఉంటుంది. దాని పక్కనే మార్చి నాటి ఆకుపచ్చ కడ్డీ పేజీ పైఅంచును తాకుతుంటుంది. కింద ఫోటోలో ఇద్దరు పిల్లలు పుస్తకం పట్టుకుని నవ్వుతుంటారు. ఆ పుస్తకం వాళ్లు చదవగలరా అని అడిగిన పాపానికి కోఆర్డినేటర్ గారు మళ్లీ ఆ కడ్డీలనే చూపిస్తారు.

కడ్డీలు పెంచే విద్యలో ఆరితేరినవాళ్లు ఏడాది చివరిదాకా ఆగరు. మొదటిరోజే పని మొదలెడతారు. మొదటి పరీక్ష, అంటే బేస్‌లైన్, ఎంత పాతాళంలో ఉంటే చివరి పరీక్ష, అంటే ఎండ్‌లైన్, అంత ఎత్తున కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి ఆ గది కొత్త, ఎదురుగా ఫోను పట్టుకుని కూర్చున్న, పాఠం చెప్పే అక్క కొత్త. "చదువు నాన్నా" అంటుందామె. వాడు గొంతు సవరించుకునేలోపే "అక్షరాలు రావు" అన్న గడిలో టిక్కు పడిపోతుంది. మార్చిలో మళ్లీ అదే అక్క, అదే పేరా. నెలల తరబడి గోడకు అంటించి ఉన్న పేరా. వాడు దాన్ని కళ్లు మూసుకుని గడగడా అప్పజెబుతాడు. కళ్లు తెరిచి వేలు పెట్టి చదవమంటేనే "ప్రయాణం"లో వత్తు దగ్గర ఆగిపోతాడు. అక్క ఆ మాట అందిస్తుంది. వాడు అందుకుంటాడు. "కథ చదవగలడు" అన్న గడిలో టిక్కు.

మధ్యలో మానేసినవాళ్లు ఈ లెక్కకు చేసే మేలు ఇంతా అంతా కాదు. ఇరవై మందితో మొదలైన తరగతి అనుకుందాం. ముందుగా జారుకునేది చదువు రానివాళ్లే. ఒకడు తమ్ముణ్ణి చూసుకోవాలి, ఒకమ్మాయి అమ్మతో మిరప కోతకు పోవాలి, ఇంకొకడికి తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవడం సిగ్గు. మార్చిలో మిగిలిన పన్నెండు మంది సగటు తీస్తే అది పెరగక ఏం చేస్తుంది? ఎవరికీ ఒక్క అక్షరం నేర్పకుండా సగటును పెంచడం కన్నా గొప్ప గణిత బోధన ఉంటుందా!

పోనీ, మిగిలినవాడు నిజంగానే నేర్చుకున్నాడనుకుందాం. వాడు పొద్దున బడికీ వెళ్తున్నాడు. ఇంట్లో పెద్దక్క చెబుతోంది. వయసూ ఓ ఏడాది పెరిగింది. ఇన్నిటి ఫలితాన్నీ సాయంత్రపు గంట ఒక్కటే తన ఖాతాలో వేసుకుంటుంది. గోడ మీద గీతలు గీసి పిల్లాడి ఎత్తు కొలిచినవాడు, వాడు పొడుగవడానికి నా గీతలే కారణమన్నట్టు. అదే ఊళ్లో ఈ తరగతికి రాని పిల్లలు అదే ఏడాదిలో ఎంత నేర్చుకున్నారో పక్కన పెట్టి చూస్తే తప్ప సాయంత్రపు గంట వాటా ఎంతో తేలదు. ఆ పోలిక నివేదికలోకి ఎందుకు రాదంటే, అచ్చుకు చోటు చాల్లేదంటారు. ఫోటోలకు మాత్రం చాలింది.

నిజానికి కొలవడం అంత బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడుపుతున్న అసర్ సర్వేలో చదువును కొలిచే సరంజామా ఒక్క కాగితం: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పిల్లవాడి ఇంటికే వెళ్లి, పక్కన కూర్చుని, ఒక్కొక్కరినే అడుగుతారు. 2024లో 17,997 గ్రామాల్లో ఇలా అడిగారు. గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 48.8 శాతం. భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం. మరి సాయంత్రపు బడుల నివేదికల్లోని ఆకుపచ్చ కడ్డీల పిల్లలంతా ఏ దేశంలో ఉంటున్నారో!

కాగితం ముందు కూర్చున్న పిల్లవాణ్ణి కాస్త దగ్గరగా చూడాలి. 41లోంచి 13 తీసెయ్యమన్నారు. ఒకట్ల స్థానంలో 1లోంచి 3 పోదు. వాడు తడుముకోడు, 3లోంచి 1 తీసేస్తాడు. పదుల స్థానంలో 4లోంచి 1. జవాబు 32. పెన్సిలు కింద పెట్టి, అయిపోయిందన్నట్టు చూస్తాడు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని టీచరు చెప్పే ఉంటారు. అప్పంటే ఏమిటో ఇంట్లో రోజూ చూస్తున్నవాడే, కాగితం మీదికి వచ్చేసరికి దాని అవసరం కనిపించలేదు. ఈ 32 వెయ్యి మార్కుల కంటే విలువైన సమాచారం. రేపు వాడికి ఏం చెప్పాలో అందులోనే ఉంది. అదే లెక్కను నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమని ఓఎంఆర్ షీటు మీద ఇస్తే, గుడ్డిగా గడి నింపినా నలుగురిలో ఒకడు గట్టెక్కుతాడు. గట్టెక్కినవాడు ప్రగతి సాధించినవాడు.

పరీక్ష పెట్టేవాడే పరీక్షలో నిలబడాల్సినవాడైతే ఏమవుతుందో ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ లెక్క తీశారు. మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్ష రాసిన పిల్లలకే, అవే ప్రశ్నలను బయటివాళ్లు మళ్లీ ఇచ్చి చూస్తే మార్కులు బాగా పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ప్రయోగంలో, టీచర్ల చేతుల మీదుగా కాగితంపై జరిగిన పరీక్షల మార్కులు ఉబ్బి ఉన్నాయి. టాబ్లెట్ మీద పెట్టిన పరీక్ష ఫలితాలు మాత్రం స్వతంత్రంగా కొలిచినవాటికి దగ్గరగా వచ్చాయి. టాబ్లెట్‌కు జాలి లేదు, పైఅధికారి భయం అంతకన్నా లేదు. టీచరుకు రెండూ ఉన్నాయి. ఇందులో ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. తక్కువ మార్కులు పంపితే మెమో, ఎక్కువ పంపితే మెచ్చుకోలు అన్నప్పుడు ఏవి పంపాలో తెలియనివాడు లెక్కల మాస్టారెలా అవుతాడు?

సాయంత్రపు చదువు అంతా బూటకమని దీనర్థం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో 280 గ్రామాల్లో ఓ ప్రయోగం జరిగింది. తరవాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ప్రథమ్‌కు చెందిన రుక్మిణీ బెనర్జీ తదితరులు దాని ఫలితాలను రాశారు. కొన్ని ఊళ్లలో గ్రామ విద్యా కమిటీల గురించి సభలు పెట్టి జనాన్ని చైతన్యపరిచారు. ఆ కమిటీల సభ్యుల్లోనే కొందరికి తాము సభ్యులమన్న సంగతి తెలియదు! సభల వల్ల పిల్లల చదువు పిసరంత కూడా కదల్లేదు. ఇంకొన్ని ఊళ్లలో కుర్రాళ్లకు నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి, బడి అయ్యాక పిల్లలకు చదవడం నేర్పమన్నారు. అక్కడ ఫలితం వచ్చింది. ఏమీ చదవలేనివాళ్లు అక్షరాలు పట్టుకున్నారు, అక్షరాల దగ్గర ఆగినవాళ్లు మరో మెట్టెక్కారు. కాకపోతే ఆ తరగతులకు వచ్చింది ఊళ్లోని పిల్లల్లో సుమారు 8 శాతమే. మన నివేదికల బాణీలో రాస్తే ఆ 8 శాతం సంగతి ఎక్కడో ఫుట్‌నోట్‌లో కూడా ఉండేది కాదు.

అమెరికా వాళ్లు ఈ కొలతల విషయంలో మనకంటే ముదుర్లు. అక్కడ బడి తరవాతి కేంద్రాలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధులు 1998లో 4 కోట్ల డాలర్లుంటే, 2002 నాటికి వంద కోట్లకు చేరాయి. 2003లో మాథమేటికా అనే పరిశోధన సంస్థ ఆ కేంద్రాలకు వెళ్లిన పిల్లల్ని వెళ్లనివాళ్లతో పోల్చి కొలిచి, చదువులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు బుష్ ప్రభుత్వం నిధుల్ని 60 కోట్లకు తగ్గిస్తానంది. కొలత మీద నమ్మకంతోనో, డబ్బు మీద మమకారంతోనో ఎవరు చెప్పగలరు! దాన్ని ఆపమని సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు, టెర్మినేటర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్. కాంగ్రెస్ కోతను పక్కన పెట్టింది. పరిశోధకుల నివేదిక బరువెంతో, కండల వీరుడి బరువెంతో ఆ రోజే తేలిపోయింది. అన్నట్టు, ఆ పథకంలో చాలాకాలం ఏడాదికి 30 రోజులు వచ్చిన పిల్లవాడు "క్రమం తప్పకుండా వచ్చేవాడు" కిందే లెక్క. మన ఊళ్లో ట్యూషన్‌కు అన్ని రోజులే వెళ్తే మాస్టారు ఇంటికొచ్చి మరీ ఆరా తీస్తారు.

ట్యూషన్ మాట వచ్చింది కాబట్టి ఓ లెక్క. అసర్ ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు 2018లో 26.4 శాతం, 2022లో 30.5 శాతం. ఈ వ్యాపారంలో కొలతంటూ ఏదైనా ఉందా అంటే, నెల ఫీజు కొలత ఒక్కటే.

అన్నిటికన్నా చమత్కారమైన కథ ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2019లో అచ్చేసిన పరిశోధన అది. ప్రభుత్వ బడుల పిల్లలు 619 మందిని తీసుకుని, లాటరీలో పేరొచ్చినవాళ్లను బడి తరవాత మైండ్‌స్పార్క్ అనే కంప్యూటరు పాఠాల కేంద్రాలకు పంపారు. గంటన్నర తరగతి: సగం సేపు కంప్యూటరు, సగం సేపు చిన్న గుంపుగా టీచరు దగ్గర. కంప్యూటరు పిల్లవాడి తరగతి అడగదు, వాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి అక్కణ్ణుంచి మొదలెడుతుంది. ఎందుకంటే ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నరకు పెరిగింది. నాలుగున్నర నెలల్లో ఈ పిల్లలు లెక్కల్లో తోటివాళ్లకంటే రెట్టింపు ముందుకెళ్లారు, హిందీలో అంతకన్నా ఎక్కువ. కొలిచింది బయటివాళ్లే, తామే తయారుచేసుకున్న ప్రశ్నపత్రంతో. కింది తరగతుల ప్రశ్నలూ అందులో ఉన్నాయి.

మరి బడి పరీక్షలో? లెక్కల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మూడో తరగతి లెక్కల దగ్గర ఆగిపోయినవాడు నాలుగో తరగతి లెక్కల్లోకి వచ్చాడు. బడి పరీక్ష వాణ్ణి ఆరో తరగతి లెక్కలే అడిగింది. నిరుడు వచ్చింది సున్నా, ఇప్పుడు వచ్చిందీ సున్నాయే. నిజంగా నేర్చుకున్నవాడు బడి కాగితం మీద ఉన్నచోటే ఉన్నాడు. ఏమీ నేర్చుకోనివాడు సాయంత్రపు బడి రంగుల నివేదికలో ఆకాశానికెక్కాడు. లాటరీలో పేరు రానివాళ్లలో చదువులో అడుగున ఉన్న మూడోవంతు పిల్లల సంగతి ఇంకా ఘోరం. బడికి వెళ్తూనే ఆ నెలల్లో లెక్కల్లో వాళ్లు దాదాపు ఏమీ నేర్చుకోలేదని అదే పరిశోధన చూపించింది. హాజరుపట్టీలో మాత్రం పీ, పీ, పీ.

ఇలాంటి కేంద్రాలకు చందాలిచ్చే పుణ్యాత్ములకు, అమెరికా నుంచి డాలర్లు పంపే తెలుగు సంఘాలకు, పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఓ విన్నపం. ఈసారి కడ్డీలు చూపిస్తే మర్యాదగా పక్కన పెట్టండి. జూన్‌లో చేరిన ఇరవై మంది పేర్లూ అడగండి, మానేసినవాళ్లతో సహా. చదివించే మనిషి పాఠం చెప్పిన అక్క కాకుండా మరొకరు ఉండాలనండి. పేరా గోడ మీద లేనిదై ఉండాలనండి. ఆ కాగితం కోసం కన్సల్టెంటును పెట్టాల్సిన పని లేదు. అసర్ వాళ్ల చదువు పేజీ తెలుగులోనే ఉంది, ఉచితం, ఒక పిల్లవాడికి కొన్ని నిమిషాలు చాలు.